నెత్తళ్ళ వాసన పరుపు

నేను ఒక పరుపును. పరుపు అనగానే మీకు దిండూ దుప్పటీ గుర్తొచ్చి ఆవులింత వస్తే ఆ తప్పు నాది కాదు. నా దగ్గరికి మనుషులు పడుకోవడానికి రారు, పడటానికి వస్తారు. ఎత్తుగా కట్టిన ఇనుప బారు పట్టుకుని గిరగిరా తిరిగి, అంతటితో బుద్ధిగా దిగొచ్చు కదా, అలా కాకుండా గాలిలో రెండు పిల్లిమొగ్గలు వేసి మరీ దిగేవాళ్ళు కొందరుంటారు. దాన్ని జిమ్నాస్టిక్స్ అంటారు. అలా దిగేవాళ్ళ కాళ్ళ కింద ఉండేది నేను. చూడవచ్చిన జనమంతా మెడలు పైకెత్తి చూస్తారు. నేను కిందినుంచి చూస్తాను. ఎంత గొప్పవాడైనా కిందినుంచి చూస్తే ముందు కనిపించేవి అరికాళ్ళే.

నేను పుట్టింది అంబాజీపేట దగ్గర ఒక కాలవగట్టున. కొబ్బరికాయలో నీళ్ళు మనుషులకూ, కొబ్బరి దేవుడికీ పచ్చడికీ, చిప్ప పొయ్యిలోకీ పోగా ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిన డొక్కల్ని నెలల తరబడి కాలవలో నానబెట్టారు. కుళ్ళి మెత్తబడ్డాక బాదారు. పీచు తీసి, రబ్బరు పాలు పోసి, అచ్చులో పెట్టి ఒత్తారు. మందపాటి కాన్వాసు గుడ్డలో కూరి దబ్బనంతో కుట్టారు. కష్టాలు పడితేనే మనిషి గొప్పవాడవుతాడని మీరు సభల్లో చెప్పుకుంటారు కదా. నేనూ అన్ని కష్టాలూ పడ్డాను. పడి పడి పరుపునయ్యాను.

నన్ను తెచ్చుకున్నది కాకినాడ రేవు పక్కన ఉన్న శ్రీ మారుతీ వ్యాయామ సంఘం. కొని ఇచ్చినది ఒక బియ్యం మిల్లు యజమాని. దాతగారు రిబ్బను కత్తిరించి, బూట్లతోనే నా మీదకెక్కి ఉపన్యాసం మొదలుపెట్టారు. అప్పుడు నేను కొత్త, పైగా మెత్త. "నేటి యువత తన కాళ్ళ మీద తాను నిలబడాలి" అన్నచోట ఆయన కాళ్ళు రెండూ చెరో దిక్కుకీ వెళ్ళాయి. లేపడానికి నలుగురు కావలసి వచ్చింది. మా సంఘం చరిత్రలో నా మీద మొట్టమొదట పడిన క్రీడాకారుడు ఆయనే.

సంఘంలో పిల్లలకు నేర్పేది సుభానీ మేష్టారు. ఒకప్పుడు ఆయనా బారు మీద పక్షిలా తిరిగినవాడేనట. నేను చూసేనాటికి పొట్ట ముందు నడిస్తే వెనకాల ఆయన నడిచేవారు. సంఘం పేరులో మారుతి, మేష్టారు శుక్రవారం మసీదుకు వెళ్ళే మనిషి. ఇద్దరికీ ఎప్పుడూ పేచీ రాలేదు. గెంతడం తెలిసినవాళ్ళ మధ్య పేచీలెందుకు వస్తాయి?

మేష్టారిది ఒకటే కట్టుబాటు. ఎవరైనా చెప్పులు బయట విడిచి లోపలికి రాగానే వంగి, నన్ను చేత్తో తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకోవాలి. ఆట అయ్యాక మళ్ళీ అలాగే.

"ఒరేయ్, మీరు పైనుంచి పడితే మీకంటే ముందు దెబ్బ తినేది అదేరా. కాలు వేసే చోట ముందు చెయ్యి వెయ్యండి" అనేవారు.

ఇక నా సంగతి చెప్పాలా? రోజూ పొద్దున్నే అంతమంది వచ్చి కళ్ళకద్దుకుంటుంటే నాకు కొంచెం తలకెక్కింది. మీకైనా ఎక్కుతుంది. కాకపోతే దణ్ణం పెట్టిన ఆ భక్తులే మరుక్షణం వచ్చి నా మీద దబీదబీమని దూకేవారు. మనుషుల భక్తి ఏపాటిదో నాకు అప్పుడే తెలిసింది.

ఇదిగో, ఇలా ఉండగా వచ్చాడు పేర్ల నూకరాజు. వచ్చాడనకూడదు, మేష్టారు పట్టుకొచ్చారు. చేపలకని హార్బరుకు వెళ్ళిన మేష్టారికి, లంగరేసిన బోటు అంచున నిలబడి వెనక్కి పిల్లిమొగ్గ వేస్తూ నీళ్ళలోకి దూకుతున్న ఒక పిల్లవాడు కనిపించాడు. మేష్టారు పండుగొప్పలు కొనడం మరిచిపోయి ఆ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చేశారు. ఇంట్లో బేగంగారు చేపలేవని అడిగితే ఏం చెప్పుకున్నారో నాకు తెలియదు. నూకరాజు మాత్రం వచ్చిన రోజే నా మీద చేయి వేసి కళ్ళకద్దుకుని, "నీళ్ళ కంటే ఇదే మెత్తగుందండి" అన్నాడు. పొగడ్తకు పడిపోని పరుపు ఉంటుందా? అప్పటినుంచి వాడు నావాడు.

కొన్నాళ్ళకు వాడి తల్లి పోలమ్మ వచ్చింది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగి అమ్మే మనిషి. గుమ్మంలో నిలబడే మొదలుపెట్టింది.

"ఏటండి మేష్టారూ, మా వోణ్ణి కోతిని సేసి ఆడిత్తన్నారంట?"

"కోతి కాదమ్మా, జిమ్నాస్టు."

"పేరేదైతేనేటండి, కూడెడతదా?"

"ముందు కూర్చుని చూడు తల్లీ, తర్వాత తిడుదువుగాని" అన్నారు మేష్టారు.

పోలమ్మ గంప దించి నా అంచున పెట్టి, పక్కనే చతికిలబడింది. నూకరాజు బారు పట్టుకుని ఊగాడు. ఊగి ఊగి ఒక చుట్టు తిరిగాడు. తిరిగి, బారు వదిలేశాడు. తల్లి ప్రాణం కదా, "ఓలమ్మో, నా కొడుకో!" అని ఒక్క ఎగురు ఎగిరింది. కొడుకు రెండు కాళ్ళ మీద చక్కగా దిగాడు. తల్లి తన్నిన గంప తలకిందులైంది. గంపలో ఉన్నవన్నీ ఎండు నెత్తళ్ళు, వేలెడు పొడవుండే వెండి రంగు చేపలు. నా పక్క కుట్టు అప్పటికే విడిపోయి ఉంది. ఇంకేముంది, సగం నెత్తళ్ళు నా కడుపులోకి పోయాయి. సంఘంలో పిల్లలంతా చేతులు పెట్టి ఏరారు. దొరికినన్ని దొరికాయి. దొరకనివి నా పీచులో కలిసిపోయాయి.

ఆ తర్వాత నన్ను ఎన్ని ఎండల్లో పెట్టినా వాసన వదల్లేదు. నా మీద ఎవరు పడినా గుప్పుమనేది. సంఘంలో నాకు పోలమ్మ పరుపు అని పేరు పడిపోయింది. కొత్తగా చేరినవాళ్ళు ముక్కు మూసుకుని దణ్ణం పెట్టేవారు. నూకరాజు ఒక్కడే నా మీద పడినప్పుడల్లా గట్టిగా ఊపిరి పీల్చేవాడు. వాడికి అది ఇంటి వాసన.

పైన తిరిగేటప్పుడు వాడెలా ఉంటాడో ఊరంతా చూసింది. పడటం ఎలా ఉంటుందో నాకొక్కదానికే తెలుసు. వీపు మీద పడితే హుమ్మని ఊపిరంతా పోయేది. మోకాళ్ళ మీద పడితే పళ్ళు కొరికేవాడు. బోర్లా పడితే మాత్రం కాసేపు లేచేవాడు కాదు, ముఖం నాలో దాచుకునేవాడు. నా గుడ్డ తడిసేది. చెమట అనుకునేవారు మేష్టారు. నేనూ చెమటే అని ఊరుకున్నాను.

ఒక ఏడాది వాడికి బారు వదలాలంటే భయం పట్టుకుంది. బారు వదిలి, గాలిలో తిరిగి, మళ్ళీ అదే బారు పట్టుకునే విద్య ఒకటుంది. అంతవరకూ వచ్చేవాడు, వేళ్ళు మాత్రం వదిలేవి కాదు. మేష్టారు బతిమాలారు, తిట్టారు, జీడిపాకం ఆశ చూపారు. చివరికి తానే వచ్చి నా మీద వెల్లకిలా పడుకున్నారు. నా మీద పడుకున్న మనిషి ఆయనొక్కరే.

"ఇప్పుడు వదలరా. కింద పరుపుంది, పరుపు మీద నేనున్నాను. నా పొట్ట దానికంటే మెత్తన."

నూకరాజుకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే వేళ్ళు పట్టు తప్పాయి. తిన్నగా వచ్చి మేష్టారి పొట్ట మీదే పడ్డాడు. మేష్టారు వారం రోజులు వంగలేక, నాకు దణ్ణం కూడా నిలబడే పెట్టారు. కానీ ఆ రోజుతో వాడి భయం పోయింది.

ఆ తర్వాత వాడు పెరిగిన తీరు ఏం చెప్పను! జిల్లా గెలిచాడు, రాష్ట్రం గెలిచాడు. పెద్ద పెద్ద ఊళ్ళలో శిబిరాలకు పిలిచారు. సెలవులకు వచ్చినప్పుడు ఒక్కోసారి ఒక్కో కొత్త కండతో వచ్చేవాడు. విదేశపు పరుపుల గురించి మేష్టారికి చెబుతుంటే నేను వినేదాన్ని. వాటి మీద దిగితే అదరవట, బెదరవట, అసలు వాసనే ఉండదట. వాసన లేని పరుపు మీద దిగి వీడికి ఏం తెలుస్తుంది, ఎక్కడికొచ్చాడో? నాకు కొంచెం కుళ్ళుగానే ఉండేది. అయినా మేష్టారు నేర్పిన అలవాటు వాడు ఎక్కడా వదల్లేదు. ఏ ఊళ్ళో దిగినా ముందు జడ్జికి చెయ్యెత్తి చూపించి, ఆ తర్వాత వంగి పరుపు తాకి కళ్ళకద్దుకునేవాడు.

ఈ వరస ఎందుకో చెప్పాలి, లేకపోతే ముందు ముందు జరిగే కథ అర్థం కాదు. ఈ ఆట మొదలుపెట్టే ముందు చీఫ్ జడ్జికి చెయ్యెత్తాలి. దిగాక రెండు కాళ్ళూ కదలకుండా నిలబడి మళ్ళీ చెయ్యెత్తాలి. అప్పుడే ఆట అయినట్టు లెక్క. ఆలోగా కాళ్ళు తప్ప ఇంకేం పరుపుకు తగిలినా పడిపోయినట్టే. ఒక మార్కు పోతుంది. దశాంశాల్లో గెలుపోటములు తేలే ఆటలో ఒక మార్కు అంటే మునిగినట్టే.

రెండుసార్లు దేశం జట్టులో చోటు నూకరాజుకు వెంట్రుక వాసిలో తప్పిపోయింది. ఈలోగా ఎడమ భుజం మొరాయించడం మొదలుపెట్టింది. డాక్టరు కొయ్యాలన్నాడు. కోస్తే మళ్ళీ బారు మీద మునుపటిలా తిరగగలడని ఎవరూ మాటివ్వలేదు. కొయ్యక ముందు ఒక్కసారి దేశం చొక్కా వేసుకోవాలి, ఇదే వాడి పంతం. అదే ఏడాది జాతీయ పోటీలు మా ఊరికే వచ్చాయి. బారు మీద చివరి రోజు మొదటివాడుగా నిలిచినవాణ్ణి ఆసియా పోటీలకు పంపుతారు. ఈసారి పోతే ఇక పోయినట్టే.

పోటీలు ఇండోర్ స్టేడియంలో. పరుపులు విదేశానివి, నీలం రంగువి, లారీలో వస్తున్నాయి. వచ్చాయి కూడా. కాకపోతే దారిలో వాన పడి టార్పాలిను ఎగిరిపోయి, ఒక పరుపు తడిసి ఉబ్బి గర్భిణిలా తయారైంది. సరిగ్గా బారు కింద వేయాల్సినదే. నిర్వాహకులు తలలు పట్టుకున్నారు. సుభానీ మేష్టారు గొంతు సవరించుకున్నారు. ఆ సాయంత్రమే టెంట్లు కుట్టే దర్జీ వచ్చి నాకు నీలం రెక్సిన్ తొడుగు కుట్టాడు. కొబ్బరి డొక్కకు పుట్టిన నేను విదేశీ దొరసానినైపోయాను. అధికారులు వచ్చి కొలిచారు, కొలత సరిపోయింది. రంగు చూశారు, సరిపోయింది. ఒకాయన రెండుసార్లు గెంతి కూడా చూశాడు. లోపలేముందని మాత్రం ఎవరూ అడగలేదు. మీ పెళ్ళిచూపుల్లోనూ ఇంతేనని విన్నాను.

ఈ సంగతి మేష్టారు నూకరాజుకు చెప్పలేదు. పోటీ ముందు పిల్లవాడి మనసు చెదరగొట్టడం ఎందుకని ఆయన ఉద్దేశం. ఆ ఉద్దేశమే కొంప ముంచింది.

మొదటి రోజు ఎవరు ఫైనలుకు వెళ్తారో తేల్చే పోటీ. నూకరాజు చేతులకు తెల్లపొడి రాసుకుని వచ్చాడు. వంగి నన్ను తాకి కళ్ళకద్దుకున్నాడు, కొత్త రెక్సిన్ వాసన తప్ప వాడికేం తెలియలేదు. చెయ్యెత్తాడు, బారెక్కాడు. ఆహా, ఏం తిరిగాడు! వదిలాడు, పట్టుకున్నాడు. మళ్ళీ వదిలాడు, మళ్ళీ పట్టుకున్నాడు. భుజం లోపల కలుక్కుమన్న సంగతి నాకు బారు అదిరిన తీరులో తెలిసింది. చివరికి వదిలేసి, నిటారుగా రెండు పిల్లిమొగ్గలు తిరిగి దిగాడు. మేకు దిగేసినట్టు రెండు కాళ్ళూ నాలో దిగిపోయాయి.

అంత బరువుతో దిగితే ఏమవుతుంది? కుట్టు దారాల సందుల్లోంచి నా ఊపిరంతా పైకి తన్నింది. నెత్తళ్ళు.

వాడి ముక్కుపుటాలు అదిరాయి. కళ్ళు కిందికి దిగాయి. ఊరు, జడ్జీలు, ఆసియా పోటీలు అన్నీ ఎటో పోయాయి. చెయ్యెత్తడం మరిచి, వంగి, నన్ను రెండు చేతులా తాకి కళ్ళకద్దుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చి చెయ్యెత్తాడు. అప్పటికే అయిపోయింది. కళ్ళజోడు పెట్టుకున్న చీఫ్ జడ్జి పరాంకుశంగారు తలవంచి ఒక మార్కు కోసేశారు.

మొదటివాడు కావాల్సినవాడు ఆఖరివాడుగా ఫైనలుకు చేరాడు. ఉత్తరాది కుర్రాడొకడు మార్కుల పట్టీలో పైన కూర్చున్నాడు. మేష్టారు పొట్ట ఊపుకుంటూ జడ్జీల టేబుల్ దగ్గరికి పరుగెత్తారు. పరాంకుశంగారు రూలు పుస్తకం చంకలో పెట్టుకుని నా దగ్గరిదాకా వచ్చారు.

"సార్, పిల్లాడు పడలేదండీ, మొక్కాడండీ" అన్నారు మేష్టారు.

"చెయ్యెత్తకముందే చెయ్యి తగిలింది సుభానీగారూ. పుస్తకంలో పడటానికి మార్కు ఉంది, మొక్కడానికి లేదు."

"కళ్ళకద్దుకున్నాడు కదండీ. పడ్డవాడెవడైనా కళ్ళకద్దుకుంటాడాండీ?"

"నేను చేతులు చూస్తాను, కళ్ళు చూడను" అని ఆయన వెనుదిరిగారు. ఆ విసురులో చంకలో పుస్తకం జారి నా మీద పడింది. దాని మీద ఆయన కాలు పడింది. పడీ పడగానే పరాంకుశంగారు ఉలిక్కిపడి వంగారు. ఒక చెయ్యి నా మీద ఆన్చి, రెండో చేత్తో పుస్తకం తీసి, సరస్వతి కదా, రెండు కళ్ళకూ అద్దుకున్నారు. లేచి చూస్తే ఎదురుగా సుభానీ మేష్టారు.

"ఇప్పుడు తమరు పడ్డారాండీ, మొక్కారాండీ?"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. పరాంకుశంగారి చెవులు ఎర్రబడ్డాయి. "నేను ఆటగాణ్ణి కాను. మార్కు మార్కే" అని గబగబా వెళ్ళిపోయారు. పాపం, ఆయనా తప్పు చేయలేదు. రూలు రూలే కదా.

జనం వెళ్ళాక నూకరాజు నా అంచున కూర్చున్నాడు. భుజం మీద ఐసుగడ్డల సంచి. పక్కన తల్లి. ఎదురుగా మేష్టారు.

"ఎప్పుడూ చెయ్యెత్తే మొక్కుతావు కదరా, ఈ రోజు ఏమొచ్చింది నీకు?" అన్నారు మేష్టారు.

"దిగ్గానే నెత్తళ్ళ వాసనొచ్చిందండి. ఇది మన పరుపండి మేష్టారూ. ఇంకేం గుర్తు లేదండి నాకు."

మేష్టారి ముఖం పాలిపోయింది. "నేర్పింది నేనే. రేపు మొక్కకురా. అసలు వంగకు. దిగడం, చెయ్యెత్తడం, వెళ్ళిపోవడం, అంతే" అన్నారు.

నాకు గుండె ఉంటే ఆగిపోయేది. ఇన్నేళ్ళ దణ్ణం! కానీ వాడి భుజం చూస్తే, వాడి కళ్ళు చూస్తే, సరే పోనీ అనిపించింది. దణ్ణం లేకపోతే చచ్చిపోతానా? వాడికి ఆ చొక్కా రావాలి. నాకు నిజంగా అంతే కావాలనిపించింది.

నూకరాజు తల అడ్డంగా ఊపాడు. "కాలేశాక మొక్కకుండా ఎలా ఎల్తానండి?"

అప్పటిదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్న పోలమ్మ లేచింది. "ఏటండి మేష్టారూ, ఇంత సిన్నదానికి అంత బాదా? గుళ్ళోకెల్తే ముందు పూజారి గారి పళ్ళెంలో ఏదో ఒకటి ఎయ్యకుండా దేవుడి కాడికి ఎల్లనిత్తారేటి? ముందు ఆ కళ్ళజోడు బాబుకి సెయ్యెత్తు. తరవాత దీనికి ఎంత మొక్కుకుంటావో మొక్కుకో."

"అది వాడికి తెలుసమ్మా. ఈ వాసన తగిలితేనే మరిచిపోతున్నాడు."

"వోసనా?" అంది పోలమ్మ. "ఆ సంగతి నాకొగ్గెయ్యండి."

ఆమెకు ఒగ్గేసి ఉండాల్సింది కాదు. మర్నాడు పొద్దున్నే ఊడ్చేవాళ్ళతోపాటు లోపలికి దూరింది. కొంగు చాటున మట్టి మూకుడు, అందులో నిప్పులు, నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి. నా చుట్టూ ప్రదక్షిణం చేస్తూ, తొడుగు కుట్లలోకి ఊదుతూ, మూల మూలకూ పొగ పట్టింది. నేను దగ్గలేక చచ్చాను. పోటీ మొదలయ్యే వేళకు స్టేడియమంతా గుడిలా గుమగుమలాడింది. పరాంకుశంగారు టేబుల్ దగ్గర కూర్చోబోతూ మూడు తుమ్ములు తుమ్మారు. ఉత్తరాది కుర్రాడు పక్కవాణ్ణి ఈ రోజు ఏదైనా పండగా అని అడిగాడు.

ఆ కుర్రాడు బాగా తిరిగాడు. దిగేటప్పుడు చిన్న అడుగు ముందుకు పడింది, అంతే. మార్కు చూసి జనం ఉసూరుమన్నారు. నూకరాజు ఆఖరివాడు. నిన్నటి మార్కులు లెక్కలోకి రావు, ఈ రోజుది ఈ రోజుదే. ఆ కుర్రాణ్ణి దాటాలంటే అంతా కుదరాలి, దిగడం రాయిలా కుదరాలి, ఒక్క మార్కు కూడా ఎగిరిపోకూడదు.

వాడు ఎక్కాడు. స్టేడియం గప్‌చుప్. మేష్టారు పిడికిళ్ళు బిగించి నిలబడ్డారు. ఆయన నోరు విప్పకూడదు. ఆట జరుగుతుండగా కోచ్ మాట్లాడితే దానికీ మార్కు పోతుంది. వాడు తిరిగాడు, వదిలాడు, పట్టుకున్నాడు. ఒకచోట ఎడమ చెయ్యి జారినట్టే జారి నిలిచింది. నా పీచంతా బిగుసుకుపోయింది. ఆఖరి చుట్టు. వదిలాడు. మొదటి పిల్లిమొగ్గ, రెండో పిల్లిమొగ్గ. రా నాయనా రా అనుకున్నాను. వచ్చాడు. రెండు కాళ్ళూ దిగాయి, కదల్లేదు.

నా ఊపిరి తన్నుకొచ్చింది. ఇప్పుడొచ్చిన వాసన ఎలాంటిదనుకున్నారు? సాంబ్రాణీ, దాని అడుగున నెత్తళ్ళూ. గుడీ ఇల్లూ ఒకేసారి! పోలమ్మ మందు వేసి రోగం పెంచింది. వాడి కళ్ళు మెల్లగా మూతలు పడ్డాయి. నడుం వంగడం మొదలుపెట్టింది. చేతులు కిందికి వస్తున్నాయి. మేష్టారు రెండు చేతులతో తన నోరు తానే మూసుకున్నారు. వద్దురా, నాకొద్దు నీ దణ్ణం, పైకెత్తు అని నేను అరిచాను. పరుపు అరిస్తే ఎవరికి వినిపిస్తుంది?

పోలమ్మ అరిస్తే వినిపిస్తుంది. వీధి మొదట్లో అరిస్తే చివరి ఇల్లాలు గిన్నె పట్టుకుని బయటికొచ్చే గొంతు అది. గ్యాలరీ పైమెట్టు నుంచి ఒక్క కేక వేసింది.

"ఒరే నూకా! ముందు ఆ కళ్ళజోడు బాబుకి సెయ్యెత్తరా!"

నూకరాజు కళ్ళు తెరిచాడు. నాకు జానెడు ఎత్తులో ఉన్న చెయ్యి అక్కడే ఆగింది. ఆగి, మెల్లగా పైకి లేచింది. పరాంకుశంగారి వైపు తిరిగి నిటారుగా నిలబడ్డాడు. ఆ తర్వాత వంగి నన్ను తాకి కళ్ళకద్దుకున్నాడు.

స్టేడియమంతా నవ్వులు, ఈలలు. ఉత్తరాది కుర్రాడి కోచ్ లేచి అభ్యంతరం చెప్పాడు. పరాంకుశంగారు కళ్ళజోడు సవరించుకుని పుస్తకం తిరగేశారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. కోచ్ మాట్లాడకూడదని ఉంది. తల్లి గురించి ఎక్కడా లేదు. ఆయన పుస్తకం మూసి, అలవాటుగా కళ్ళకద్దుకోబోయి, మేష్టారి వంక చూసి, గబుక్కున టేబుల్ మీద పెట్టేశారు. మార్కు వచ్చింది. నూకరాజు ఉత్తరాది కుర్రాణ్ణి దాటి పైకెళ్ళాడు.

మేష్టారు వచ్చి నా మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఈసారి దాన్ని చెమట అని నేనూ అనలేదు.

ఆసియా పోటీల్లో నూకరాజుకు పతకం రాలేదు, ఆరోవాడుగా వచ్చాడు. మా సంఘంవాళ్ళకు ఆ తేడా తెలియదు. రేవు నుంచి బ్యాండు మేళంతో ఊరేగించారు. దాతగారు శాలువా కప్పి ఉపన్యాసం ఇచ్చారు. ఈసారి నాకు రెండు గజాల దూరంలో నిలబడి ఇచ్చారు, అనుభవం మంచి గురువు. అక్కడి టీవీవాళ్ళు వాడు దిగాక వంగడం చూసి, ఈ ఆటగాడు పరుపు గట్టిదనం పరీక్షిస్తున్నాడని చెప్పారట. ఆ మాట చెప్పి వాడు నా మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు.

తర్వాత భుజం కోశారు. కోశాక ఇంకొన్నేళ్ళు తిరిగాడు, గెలిచాడు, ఓడాడు, ఓడటం ఎక్కువైనప్పుడు మానేశాడు. సుభానీ మేష్టారు కుర్చీకి అతుక్కుపోయారు. పిల్లలకు నేర్పడం నూకరాజు వంతైంది. సంఘానికి కొత్త పరుపులొచ్చాయి, అసలు సిసలు విదేశానివి. వాసన లేనివి. పిల్లలు వాటికీ దణ్ణం పెడతారట, వినయమైన పిల్లలు. నన్ను పెరట్లో గోడకు చేరేశారు. వానకు నానాను, ఎలుకలు కాపురం పెట్టాయి. పాతసామాన్లవాడు బేరమాడుతుంటే పోలమ్మ వచ్చింది.

"దాని కడుపులో నా నెత్తళ్ళున్నాయి. అది నాదే" అని తోపుడు బండి మీద ఎక్కించుకుపోయింది. ఆ లెక్కకు ఎదురు చెప్పగల లాయరు ఇంకా పుట్టలేదు.

ఇప్పుడు నేను సముద్రపు ఒడ్డున ఎండలో ఉంటున్నాను. పోలమ్మ నా మీద నెత్తళ్ళు ఆరబోస్తుంది. కాకుల్ని అదిలిస్తూ పక్కన కూర్చుంటుంది. చేపల వాసన నాదో వాటిదో ఇప్పుడు ఎవరూ అడగరు.

మొన్న మధ్యాహ్నం నూకరాజు వచ్చాడు. నడినెత్తిన కొంచెం జుట్టు పలచబడింది. మేష్టారిలాగే పొట్ట కూడా తొంగి చూస్తోంది. కాసేపు అమ్మ పక్కన కూర్చున్నాడు. తర్వాత లేచి, నా మీద నెత్తళ్ళను ఒక పక్కకు జరిపాడు.

"ఒరే, ఒరే! ఆరలేదురా అయ్యి!" అంది పోలమ్మ.

వాడు వినలేదు. నా మీద నిలబడి, చేతులు ఊపి, హార్బరులో బోటు మీదనుంచి దూకినట్టే వెనక్కి ఒక్క పిల్లిమొగ్గ వేశాడు. దిగాడు. నా ఊపిరి తన్నుకొచ్చింది. వాడు గట్టిగా పీల్చాడు.

ఒడ్డున జడ్జి లేడు, టేబుల్ లేదు. చెయ్యి పైకి లేవలేదు. తిన్నగా కిందికే వచ్చి, నన్ను తాకి, కళ్ళ మీదికి వెళ్ళింది. కనుబొమ్మకు ఒక నెత్తలి అంటుకుంది. ఇన్నేళ్ళకు మళ్ళీ ముందు నాకే.

దిగేటప్పుడు కుడికాలు మాత్రం ఒక అడుగు పక్కకు పడింది. నేను మార్కు కొయ్యలేదు. మీరూ ఎవరితోనూ అనకండి.